అరకిలో తుపాకి బరువెంత?

విశ్వాసి తన ప్రాణరక్షణ కోసం తుపాకి ఉంచుకోవచ్చా? ఒకప్పుడు మన సంఘాల్లో ఈ ప్రశ్న అడిగేవారే లేరు. తుపాకి అంటే పోలీసుది, సైనికుడిది, బ్యాంకు గుమ్మం ముందు కూర్చున్న కాపలాదారుది. ఇప్పుడు అడుగుతున్నారు. ఆరాధన ముగిశాక పక్కకు పిలిచి, గొంతు తగ్గించి మరీ అడుగుతున్నారు.

మేము సేవ చేస్తున్న కూర్మన్నపాలెంలో ఈ మధ్యకాలంలో ముగ్గురు అడిగారు. ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇంట్లో భార్యాభర్తలిద్దరే. స్థలాల క్రయవిక్రయాలు చేసే సహోదరుడు మరొకరు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సు సహోదరి ఇంకొకరు. ముగ్గురి భయాలూ వేరు, కాని అడిగింది ఒకటే. “అయ్యగారూ, చేతిసంచిలో పట్టే చిన్న రివాల్వరు వస్తోందట కదా. లైసెన్సుకు పెట్టుకుంటే తప్పా?”

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయడం సులభం. “ప్రార్థన చేసుకోండి, దేవుడే కాపాడతాడు” అని చెప్పి పంపించడం ఇంకా సులభం. ఈ రెండూ కాపరులు చేయవలసిన పనులు కావని మా అభిప్రాయం. భయపడేవాడు అబద్ధం చెప్పడంలేదు. 2023 జూన్‌లో మన విశాఖలోనే అప్పటి పార్లమెంటు సభ్యుడి కుటుంబ సభ్యులను ఇంట్లోనే నిర్బంధించి, డబ్బు కోసం అపహరించారు. పోలీసులు వెంటాడి వారిని విడిపించారు. 2024 ఫిబ్రవరిలో కొమ్మాదిలో ఒక తహశీల్దారును రాత్రివేళ ఆయన ఉంటున్న అపార్టుమెంటు దగ్గరే ఇనుప రాడ్డుతో కొట్టి చంపారు. పదవి ఉన్నవారికే ఇలా జరిగితే మాలాంటి వారి గతేమిటని సామాన్యుడు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుందాం. ఆ తుపాకి ఏమిటో, చట్టం ఏమంటోందో, వాక్యం ఏమంటోందో చూసి, తరువాత మా మాట చెబుతాం.

‘భయం లేదు’ అని పేరు పెట్టుకున్న ఆయుధం

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఒక యువతి మీద జరిగిన ఘోరాన్ని ఈ దేశం మరచిపోలేదు. ఆమెను లోకం ‘నిర్భయ’ అని పిలిచింది. ఆ తరువాత 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఒక చిన్న రివాల్వరును బయటికి తెచ్చింది. పేరు ‘నిర్భీక్’. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమలోహంతో చేసిన శరీరం, బరువు అరకిలో. స్త్రీల చేతిసంచిలో పట్టేటట్లు చేశామన్నారు. అప్పటి ధర ఒక లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. ఆ వెనుకనే పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం .22 బోరులో ‘నిడర్’ అనే రివాల్వరును చేసింది. దాని బరువు పావుకిలో. 2023లో కాన్పూరు నుంచే ‘ప్రబల్’ వచ్చింది. అది 700 గ్రాములు, దూరం కాస్త ఎక్కువ.

పేర్లు గమనించారా? నిర్భీక్ అన్నా నిడర్ అన్నా అర్థం ఒకటే, భయం లేదని. అంటే అమ్ముతున్నది ఇనుమును కాదు, నిర్భయత్వాన్ని. ఆ నిర్భయత్వం లక్ష రూపాయలు పైబడిన ఖరీదు. దువ్వాడ సెజ్‌లో నెలజీతానికి పనిచేసి, రాత్రి బస్సు దిగి, చీకటి సందులో ఇంటికి నడిచే అమ్మాయి ఆ ధర పెట్టి కొనగలదా? ఎవరి పేరు చెప్పి చేశారో వారి చేతికి అందని వస్తువు అది. ఆనాడే దేశంలో కొందరు స్త్రీలు ఈ మాట గట్టిగా అన్నారు. స్త్రీకి రక్షణ ఇవ్వవలసిన బాధ్యతను స్త్రీ చేతిసంచిలోనే వేసి సమాజం చేతులు దులుపుకుంటోందని వారి ఆవేదన.

ఇక వస్తువు సంగతి. రివాల్వరులో కొన్ని సుగుణాలున్నాయి. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చాలు, చక్రం తిరిగి తరువాతి తూటా వస్తుంది. పనితీరు సులభం. అయితే తేలిక తుపాకి అంటే కాల్చడం తేలిక అనుకోవద్దు. తూటా శక్తి అంతే ఉండి తుపాకి బరువు తగ్గితే, వెనక్కి తన్నే దెబ్బ చేతికి ఎక్కువ తెలుస్తుంది. పెద్ద మరపడవ మీదనుంచి గట్టుకు దూకితే పడవ కదలదు. తెప్ప మీదనుంచి దూకితే తెప్ప వెనక్కి జారిపోతుంది. మన జాలరి సహోదరులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పైగా గొట్టం పొట్టిది. గురి చూసే గుర్తులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చేతి దగ్గర వెంట్రుకంత తేడా వస్తే అవతల జానెడు తేడా అవుతుంది. అనుభవం ఉన్నవారే చిన్న తుపాకితో గురి కుదరడం కష్టమంటారు. వణికే చేతికి, చీకటిలో, నిద్రమత్తులో అది ఎలా కుదురుతుంది?

దావీదు సంగతి మీకు తెలుసు. సౌలు తన కవచాన్ని, కత్తిని తొడిగితే దావీదు రెండడుగులు వేసి చూసి తీసి పక్కన పెట్టాడు. అవి చెడ్డవని కాదు, తనకు వాడుక లేవని (1 సమూయేలు 17). వాడుక లేని ఆయుధం మోసేవాడికే బరువని ఆ గొర్రెల కాపరికి తెలిసింది. రివాల్వరు కొని బీరువాలో దాచి, ఏడాదికొకసారి తుడిచి పెట్టేవాడికి తెలియడం లేదు. సంచిలో తాళాలు, ఫోను, కళ్లజోడు మధ్య పడేసుకుని తిరగడం మరీ ప్రమాదం. ట్రిగ్గరును పూర్తిగా కప్పే ఒర లేకుండా దాన్ని మోయకూడదు. ఇంట్లో ఉన్నప్పుడు తాళంలో ఉండాలి. తాళంలో ఉంటే ఆపద వేళ చేతికి రాదు. చేతికి అందేలా ఉంటే మనవడి చేతికీ అందుతుంది. ఈ చిక్కును ఏ కర్మాగారమూ విప్పలేదు.

చట్టం పెట్టిన హద్దులు

మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనలు ఈ విషయంలో మనకు దారి చూపిస్తాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ జరగాలి. వృత్తి వల్లనో వ్యాపారం వల్లనో మరో కారణం వల్లనో ప్రాణానికి, ఆస్తికి రక్షణ నిజంగా అవసరమని అధికారికి నమ్మకం కుదరాలి. ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ పొందినట్లు పత్రం ఉండాలి. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాగా కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే జైలుశిక్ష పడవచ్చు. ఎన్నికలు వస్తే సాధారణంగా లైసెన్సు ఆయుధాలను పోలీసుల వద్ద అప్పగించవలసి వస్తుంది. ప్రత్యేక అనుమతి లేకుండా జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, బహిరంగ సభలకు, విద్యాసంస్థల ఆవరణలోకి తుపాకి తీసుకువెళ్లరాదన్న షరతు ఎంతోకాలంగా లైసెన్సులోనే ఉంటూ వచ్చింది. అంటే మన గుడారాల సభలకు అది రాకూడదు. “లైసెన్సు ఎందుకు అయ్యగారూ, తెలిసినవాళ్లు తెప్పిస్తారు” అనే మాట కూడా అక్కడక్కడ వినబడుతోంది. ఆ మాట విశ్వాసి నోట రాకూడదు. దొంగతుపాకి కొన్నవాడు దొంగకు భయపడి దొంగకే డబ్బిచ్చినవాడు.

ఆత్మరక్షణ హక్కు మాత్రం చట్టంలో స్పష్టంగా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దానికే కేటాయించారు. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి ఎదిరించవచ్చు. కొన్ని సందర్భాల్లో ఆ ఎదిరింపులో అవతలివాడు చనిపోయినా నేరం కాదు. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు ఇల్లు బద్దలుకొట్టి చొరబడటం ఆ సందర్భాల్లో ఒకటి. కాని రక్షణకు ఎంత అవసరమో అంతకుమించి హాని చేయరాదు. అధికారులను ఆశ్రయించేందుకు వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. మెడలో గొలుసు తెంచుకుని మోటారు సైకిలు మీద పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి, ఆత్మరక్షణ అని కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం.

పగలు, రాత్రి అనే ఈ తేడా చదివినప్పుడు మాకు వెంటనే మోషే ధర్మశాస్త్రం గుర్తుకొచ్చింది. నిర్గమకాండం 22వ అధ్యాయం ఆరంభంలో ఇదే తేడా ఉంది. రాత్రి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బ తిని చనిపోతే కొట్టినవాడి మీద రక్తాపరాధం లేదు. పొద్దు పొడిచిన తరువాత అయితే ఉంది. ఎందుకు? చీకటిలో వచ్చినవాడెవడో, ఎందుకు వచ్చాడో ఇంటివాడికి తెలియదు. పగటివేళ మొహం కనబడుతుంది, కేకవేస్తే నలుగురు వస్తారు, దొంగను పట్టుకుని నష్టపరిహారం కట్టించవచ్చు. అంటే దేవుని ధర్మం ఇంటివాడి ప్రాణాన్నీ కాపాడింది, దొంగ ప్రాణానికీ విలువ కట్టింది. దొంగ ప్రాణం కూడా ప్రాణమే. విశ్వాసి మరువకూడని మొదటి సంగతి ఇదే.

పేతురు దగ్గరున్న చిన్నకత్తి

తుపాకి కావాలనే సహోదరులు సాధారణంగా లూకా 22వ అధ్యాయం తీసి చూపిస్తారు. కత్తి లేనివాడు పైబట్ట అమ్మి అయినా కత్తి కొనుక్కోవాలని ప్రభువు చెప్పిన సందర్భం అది. శిష్యులు తమవద్ద రెండు కత్తులున్నాయన్నారు. అంతటితో చాలునని ప్రభువు ఆ మాట ముగించాడు. పన్నెండుమందికి రెండు కత్తులు ఏ యుద్ధానికి చాలుతాయి? తాను అక్రమకారులలో ఒకడుగా లెక్కింపబడాలన్న ప్రవచనం నెరవేరాలని ఆయనే ఆ వెంటనే వివరించాడు. కాబట్టి ఈ వచనాన్ని ఆయుధాల దుకాణానికి సిఫారసు పత్రంగా వాడుకోవడం న్యాయం కాదు.

ఇక్కడ గ్రీకు మాట ఒకటి గమనించాలి. లూకా వాడిన పదం ‘మాఖైర’. అది నడుముకు కట్టుకునే పొట్టికత్తికి వాడే మాట. ఆనాటి చిన్న, తేలిక ఆయుధం అనుకోండి. అలాంటిదే ఒకటి పేతురు దగ్గరుంది. ప్రభురాత్రి భోజనం చేసి వచ్చిన మనిషి దగ్గర అది ఉంది. గెత్సెమనేలో ఏం జరిగింది? అర్ధరాత్రి. నిద్రనుంచి అప్పుడే లేచాడు. ఎదురుగా దివిటీలు, జనసమూహం. పేతురుకు ప్రేమ ఉంది, ధైర్యం ఉంది, న్యాయమైన కారణం ఉంది. ఎదుటివారు నిజంగా అన్యాయంగానే వచ్చారు. ఇంతకన్నా మంచి కారణం ఎవరికి దొరుకుతుంది? కత్తి దూశాడు, కొట్టాడు. దెబ్బ ఎవరికి తగిలింది? కుట్ర పన్నిన ప్రధాన యాజకుడికి కాదు, అప్పగించిన యూదాకు కాదు. యజమాని పంపితే వచ్చిన మల్కు అనే దాసుడికి. తగిలింది చెవికి.

ఆత్మరక్షణ ఆయుధం గురించి ఆలోచించే ప్రతివారూ ఈ దృశ్యం దగ్గర కాసేపు ఆగాలి. భయంలో, చీకటిలో, ఒక్క క్షణంలో తీసుకున్న నిర్ణయం ఎక్కడ తగులుతుందో మన చేతిలో ఉండదు. అసలు దోషి దూరంగా ఉంటాడు. ఎదుట పడేది ఎవరో మల్కు. ఒక్కోసారి ఆ మల్కు మన ఇంటివాడే కావచ్చు. బండి పాడై ఆలస్యంగా వచ్చి వెనుక తలుపు తట్టిన కొడుకు కావచ్చు. మతి సరిగా లేక ఇల్లు మరచిన పొరుగింటి పెద్దాయన కావచ్చు.

సిలువకు వెళ్లేముందు ప్రభువు ఆ రాత్రి చేసిన స్వస్థత ఏమిటి? తన శిష్యుడి కత్తి చేసిన గాయాన్ని బాగుచేయడం. సంకెళ్లు పడేముందు ఆయన చేయి చాచింది శత్రువుల సేవకుడి చెవి వైపుకు. కత్తి ఒరలో పెట్టమన్నాడు, కత్తి పట్టినవాడి బతుకు కత్తితోనే ముగుస్తుందని హెచ్చరించాడు. పేతురు అదృష్టవంతుడు, పక్కన ప్రభువున్నాడు, చెవి తిరిగి వచ్చింది. .32 తూటా చేసిన గాయానికి కింగ్ జార్జి ఆసుపత్రి డాక్టర్లు చేయగలిగినంత చేస్తారు. పోయిన ప్రాణాన్ని వెనక్కి తేలేరు.

అవతలి వాదన కూడా విందాం

“అయ్యగారూ, తుపాకి ఉండబట్టే బతికినవాళ్లు లేరా?” అని అడిగితే, ఉన్నారనే చెప్పాలి. 2019 డిసెంబరు 29 ఆదివారం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, వైట్ సెటిల్మెంట్ అనే పట్టణపు చర్చిలో ఆరాధన జరుగుతుండగా ఒకడు తుపాకి తీసి ఇద్దరు సంఘ సభ్యులను చంపాడు. కొద్ది సెకన్లలోనే సంఘ భద్రతా బృందంలోని ఒక పెద్దాయన ఒక్క తూటాతో అతణ్ణి పడగొట్టాడు. లేకుంటే ఎందరు పోయేవారో. దీన్ని మేము కాదనం. ఆయన్ను తప్పుపట్టం కూడా. కాని ఆయన చేతిసంచిలో కొత్త రివాల్వరు వేసుకుని వచ్చిన మనిషి కాదు, తుపాకి వాడకంలో ఇతరులకు శిక్షణ ఇచ్చే మనిషి. అంత సిద్ధపాటు ఉన్నా ఇద్దరు పోయారు.

అదే దేశంలో మరో లెక్క ఉంది. 2021లో అక్కడ తుపాకి వల్ల మరణించినవారు 48,830 మంది. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవారు. సగానికి పైగా! దొంగ కోసం కొన్న తుపాకి దొంగ వచ్చే రోజుకన్నా ముందు, ఇంట్లోవారి కుంగుబాటు వచ్చే రోజును చూస్తుంది. మన దేశంలో లైసెన్సు తుపాకులు తక్కువ కాబట్టి ఈ దుఃఖం మనకు అంతగా తెలియదు. తెలియకుండానే ఉండనిద్దాం. మనసు బరువెక్కినవారు ఇంట్లో ఉంటే అక్కడ తుపాకి ఎంతమాత్రం ఉండకూడదు. అలాంటివారు 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలిమానస్ సేవలో మాట్లాడేవారు ఉంటారు. సంఘ కాపరి తలుపు కూడా ఎప్పుడూ తెరిచే ఉండాలి.

కోపం సంగతి కూడా చెప్పాలి. నాబాలు అవమానించాడని దావీదు నాలుగు వందలమందికి కత్తులు కట్టించి బయలుదేరాడు. అంతటి భక్తుడు! అబీగయీలు ఎదురువచ్చి ఆపకపోతే నిరపరాధుల రక్తం అతని మీద ఉండేది. తరువాత అతడే ఆమెను ఆపినందుకు దీవించాడు (1 సమూయేలు 25). గట్టు తగాదాలు, స్థలం తగాదాలు, అన్నదమ్ముల పంపకాల తగాదాలు మన ప్రాంతంలో ఎన్ని లేవు? కోపం వచ్చినవేళ నడుముకు రివాల్వరు ఉంటే, ప్రతి ఇంట్లో ఒక అబీగయీలు ఉంటుందా?

ఎజ్రా, నెహెమ్యా

ఇద్దరు భక్తులు ఒకే దేశం నుంచి ఒకే యెరూషలేముకు ప్రయాణం చేశారు. ఎజ్రా, దారిలో శత్రువుల భయం ఉన్నా, రాజును సైనికుల్ని అడగడానికి సిగ్గుపడ్డాడు. మా దేవుడు కాపాడతాడని అంతకుముందే రాజుతో చెప్పాడు కాబట్టి ఉపవాసముండి ప్రార్థించి బయలుదేరాడు (ఎజ్రా 8). నెహెమ్యాకు తోడుగా రాజు సైన్యాధిపతులను, గుర్రపు రౌతులను పంపాడు. నెహెమ్యా కాదనలేదు (నెహెమ్యా 2). వాక్యం ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేదు. కాబట్టి పోలీసు రక్షణ కోరడం, ఇంటికి గ్రిల్లు పెట్టించుకోవడం, సహోదరీలు మిరియాల స్ప్రే దగ్గరుంచుకోవడం అవిశ్వాసం కాదు. వృత్తిరీత్యా నిజమైన బెదిరింపు ఉన్నవాడు చట్టప్రకారం లైసెన్సు తీసుకుంటే అతణ్ణి సంఘం నుంచి వెలివేయవలసిన పని లేదు. అతనికి మేము చెప్పేది ఇంతే. శిక్షణ మానవద్దు, మద్యం ముట్టవద్దు, తాళం వేయడం మరువవద్దు, ప్రదర్శించవద్దు. ఇంకొక్కటి. కొనేముందే మోకాళ్ల మీద ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ‘ఒక మనిషిని చంపడానికి నేను సిద్ధంగా ఉన్నానా? ఆ తరువాత ఆ ముఖాన్ని గుర్తుంచుకుని బతకగలనా?’ “బెదిరించడానికే అయ్యగారూ, కాల్చడానికి కాదు” అనేవాడు అసలే కొనకూడదు. కాల్చే ఉద్దేశం లేనివాడి చేతిలో తుపాకిని ఎదుటివాడు లాక్కుంటాడు. ఆ జవాబు బరువుతో కలిపి తూస్తే అరకిలో తుపాకి చాలామంది మోయగలిగిన బరువు కాదు. అందుకే ఆ ముగ్గురికీ మేము వద్దనే చెప్పాం.

అయితే వద్దని చెప్పినంతమాత్రాన మా పని అయిపోలేదు. మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. నెహెమ్యా 4వ అధ్యాయంలో గోడ కట్టేవారు ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం పట్టుకున్నారని మనం తరచు బోధిస్తాం. దాని వెనుకనే ఉన్న మాటను వదిలేస్తాం. పని పెద్దది, మనం గోడపొడవునా ఒకరికొకరం దూరంగా ఉన్నాం, బూర ఎక్కడ వినబడితే అక్కడికి అందరూ పరుగెత్తి రావాలని నెహెమ్యా ఏర్పాటు చేశాడు. ఆ పట్టణాన్ని కాపాడింది కత్తుల సంఖ్య కాదు, బూర వింటే వచ్చే మనుషులు. ఆ అధ్యాయంలో కత్తి దూసి కొట్టిన దెబ్బ ఒక్కటి కూడా లేదు.

మన సంఘాల్లో ఆ బూర ఏది? రిటైరైన ఆ పెద్దాయన తుపాకి అడిగింది దొంగ భయంతో మాత్రమే కాదు, అర్ధరాత్రి ఫోను చేస్తే వచ్చేవారు ఎవరూ లేరన్న నమ్మకంతో. ఆదివారం మూడు వందలమంది మధ్య కూర్చుని కానుక వేసి వెళ్లే మనిషికి రాత్రి ఒక్కడంటే ఒక్కడు లేడు! ఇది ఆయన అవిశ్వాసమా, సంఘం లోపమా? ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్నన్నాళ్లు గోడకు గోడ ఆనుకుని పొరుగువారుండేవారు. రిటైరై సొంత ఇల్లు కట్టుకుని బయటికి వచ్చాక గేటుకు గేటుకు మధ్య దూరం పెరిగింది. పెన్నా పేపరూ తీసుకుని లెక్క వేస్తే వడ్లపూడి, శనివాడ, దువ్వాడ, అగనంపూడిలలో మన సంఘాలవారివే ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉంటాయో!

చేయగలిగినవి కొన్ని చెబుతాం. ప్రతి ప్రాంతపు గృహకూటం తమ పరిధిలో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు రాసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి ఎవరో ఒకరు ఫోను చేసి “భోంచేశారా నాన్నగారూ, తలుపులు వేసుకున్నారా?” అని అడగాలి. దగ్గరలోని మూడు ఇళ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి వారి గోడకు అంటించాలి. వాటిపైన 112, సహోదరీలకు 181 రాయాలి. రాత్రి షిఫ్టు దిగే చెల్లెళ్లు ఏ బస్సుకు వస్తారో యవ్వనస్తుల సంఘానికి, స్త్రీల సమాజానికి తెలిసి ఉండాలి. ఇద్దరు ముగ్గురు కలిసి కూడలి దగ్గర నిలబడి ఇంటిదాకా తోడు వెళ్లాలి. ఊరికి వెళ్లేవారు పొరుగువారికి, పోలీసులకు చెప్పి వెళ్లాలి. స్థలాల వ్యాపారంలో ఉన్న సహోదరులు నగదు సంచులు మానేసి బ్యాంకు ద్వారా లావాదేవీలు జరపాలి, వివాదంలో ఉన్న స్థలం జోలికి పోకూడదు. సగం శత్రువులు అక్కడే తగ్గుతారు. ఇవన్నీ కలిపినా ఒక నిర్భీక్ ఖరీదు కాదు. కాని ఇవి తుపాకి కొన్నంత సులభం కూడా కాదు. తుపాకికి డబ్బిస్తే చాలు, వీటికి మన రాత్రులు ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా ఆపద రాదని మేము మాట ఇవ్వలేం. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఆరంభంలోనే యాకోబు హేరోదు కత్తికి బలయ్యాడు. దేవుని ప్రియులకు కూడా అలా జరుగుతుంది. విశ్వాసం అంటే బీమా పత్రం కాదు. అయితే అదే అధ్యాయంలో పేతురును మరోసారి చూడండి. గెత్సెమనేలో కత్తి ఉన్న పేతురు కంగారుపడ్డాడు, కొట్టాడు, తెల్లవారకముందే ఒక పనిపిల్ల ముందు బొంకాడు. హేరోదు చెరసాలలో కత్తి లేని పేతురు, రెండు సంకెళ్లతో, ఇద్దరు సైనికుల మధ్య, మరునాడు మరణశిక్ష అని తెలిసి కూడా నిద్రపోతున్నాడు. నిర్భయత్వం అంటే అది. దాన్ని ఏ కర్మాగారమూ తయారుచేయలేదు.

ఆ నిద్ర వెనుక మరో సంగతి ఉంది. ఆ రాత్రి మరియ ఇంట్లో సంఘం నిద్రపోలేదు. అనేకులు కూడి అతని కోసం ప్రార్థిస్తున్నారు. విడుదలైన పేతురు చీకటిలో ఎక్కడికి వెళ్లాలో వెతుక్కోలేదు. తట్టడానికి అతనికొక తలుపు ఉంది. ఒక సహోదరుడు నిశ్చింతగా పడుకోవాలంటే మరికొందరు మెలకువగా ఉండాలి. మన సంఘంలో ఈ రాత్రి ఎవరి తలుపు ఎవరు తట్టగలరు? తుపాకి లైసెన్సు గురించి ఎవరైనా మనల్ని అడిగే ముందు, ఈ ప్రశ్నకు మనం జవాబు సిద్ధం చేసుకుందాం.